వేసవిలో తర్కం చెప్పే పని మనవాళ్ళకీ ఉండాలి



అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ 1979లో ప్రతిభ గల స్కూలు పిల్లల కోసం ఒక కేంద్రం పెట్టింది. వేసవిలో అక్కడ మూడు వారాల క్లాసులు జరుగుతాయి. గణిత తర్కం కూడా చెప్తారు. చెప్పేవాళ్ళకి, వాళ్ళకి సాయంగా ఉండేవాళ్ళకి జీతం ఇస్తారు. కానీ పిల్లలు కట్టే ఫీజు వేల డాలర్లు.

ఇక్కడ వేసవిలో మన గురుకులాల గదులు చాలావరకు ఖాళీ. అదే టైంలో మన ఊళ్ళలో మ్యాథ్స్‌తో డిగ్రీ, ఎమ్మెస్సీ చదివేవాళ్ళు తునికాకు తెంపడానికో, పట్నంలో కూలికో పోతున్నారు. ఆ గదుల్లో వీళ్ళతో తర్కం చెప్పించొచ్చు కదా?

తర్కం మనకెందుకు అంటారేమో. "ఈ ఊళ్ళో పోడు రైతులందరికీ పట్టాలొచ్చాయి" అని ఒక ఆఫీసరు అన్నాడనుకోండి. అది తప్పని చూపడానికి ఎవరికీ రాలేదని నిరూపించక్కర్లేదు. అర్హత ఉండి పట్టా రాని ఒక్క రైతు చాలు. "అందరూ", "కొందరు", "అయితే", "లేదా" లాంటి మాటలకి లెక్క కట్టడమే గణిత తర్కం. ల్యాబ్ అక్కర్లేదు, బోర్డు, సుద్దముక్క చాలు. కోయలో, గోండిలో, సవరలో కూడా చెప్పొచ్చు.

రెండు షరతులు. మార్కులు చూసి పిల్లల్ని ఏరొద్దు. ఇంగ్లీషు రాక వెనకబడ్డ పిల్లే వాదనలో తప్పు ముందు పట్టొచ్చు. రెండోది, "సేవ" పేరుతో ఉత్తిగా చేయించొద్దు. కూలి మానుకుని వచ్చేవాళ్ళకి కూలికన్నా ఎక్కువే ఇవ్వాలి.

ఐటీడీఏలకి అర్జీ పెడదాం. మీ మండలంలో మ్యాథ్స్ చదివినవాళ్ళ పేర్లు ఇప్పుడే రాసి పెట్టుకోండి.