మారిషస్ బడిలో తెలుగు, మన బడిలో తెలుగు

మారిషస్ ఆఫ్రికా సమాఖ్యలో సభ్యదేశం. ఢిల్లీ, బీజింగ్, కైరో మూడుచోట్లా దానికి రాయబార కార్యాలయాలున్నాయి. 2021 జనవరిలో చైనాతో, ఏప్రిల్‌లో మన దేశంతో వాణిజ్య ఒప్పందాలను అమల్లోకి తెచ్చుకుంది. పన్నెండు లక్షల పైచిలుకు జనం ఉన్న దీవికి ఇంత నేర్పు ఎలా వచ్చింది? సగం బడిలోనే వచ్చిందని మేమనుకుంటాం.

19వ శతాబ్దంలో కోరంగి రేవులో ఓడెక్కి చెరకు తోటల్లో కూలికి వెళ్లిన తెలుగువాళ్లను అక్కడ ఆ రేవు పేరుతోనే పిలిచారు. వాళ్ల మునిమనుమలకు ఇవాళ సర్కారు బడిలో తెలుగు ఉంది. పక్క తరగతిలో హిందీ, తమిళం, ఉర్దూ, అరబిక్, చైనీస్. ఉగాదికి దేశమంతా సెలవు. 1970లో మన ప్రభుత్వంతో కలిసి నెలకొల్పిన మహాత్మాగాంధీ సంస్థలో తెలుగు శాఖ నడుస్తోంది. ఇంట్లో మాట్లాడే ప్రతి భాషనూ ఆ దేశం బయటి స్నేహానికి ఒక వాకిలిగా వాడుకుంటోంది.

మనం ఏ ఓడా ఎక్కలేదు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. మనుషులు కదలలేదు, గీత కదిలింది. మన పిల్లలు తమిళం నేర్చుకుంటున్నారు, నేర్చుకోవాలి కూడా. అందులో మాకు పేచీ లేదు. తెలుగు అయ్యవారు రిటైరైతే ఆ చోటు ఖాళీగా మిగలడమే మా బాధ. తిరువళ్లూరు జిల్లా అధికారులు ముందు ఆ ఖాళీలు నింపాలి.

తల్లిదండ్రులకూ ఒక మాట. జూన్‌లో బడిలో చేర్పించేటప్పుడు మాతృభాష అన్న చోట తెలుగు అనే రాయించండి. అది రాయకపోతే, అయ్యవారిని అడగడానికి మన చేతిలో కాగితమే ఉండదు.