గొంతులో మటన్ ఎముక.. నెల రోజులు ‘గ్యాస్’ అనుకున్నారు! ఏదైనా మింగేస్తే చేతిలో ఉండే టైమ్ ఎంత?

పెళ్లి భోజనంలో మటన్ ముక్క. నోట్లో పళ్లు లేవు. సరిగా నమలకుండానే మింగేశారు. ఆ తర్వాత ఛాతీలో నొప్పి మొదలైంది. గ్యాస్ ట్రబుల్ అనుకుని మందులు వాడారు. అలా నెల గడిచిపోయింది. చివరికి ఎల్బీనగర్ కామినేని ఆస్పత్రిలో ఎండోస్కోపీ చేస్తే అసలు సంగతి బయటపడింది. అన్నవాహికలో దాదాపు 3.5 సెంటీమీటర్ల మటన్ ఎముక ఇరుక్కుని ఉంది!

2024 ఏప్రిల్‌లో వెలుగులోకి వచ్చిన కేసు ఇది. బాధితుడు యాదాద్రి భువనగిరి జిల్లాకు చెందిన, అరవై దాటిన పెద్దాయన. అప్పటికే ఎముక రాసుకుని అన్నవాహికలో పుండ్లు పడ్డాయి. పైగా ఎముక ఉన్నది గుండెకు దగ్గరగా. లాగేటప్పుడు గోడ చిరిగితే ప్రాణానికే ప్రమాదం. అయినా డాక్టర్లు కోత లేకుండా, ఎండోస్కోపీతోనే జాగ్రత్తగా తీసేశారు. పెద్దాయన బతికి బయటపడ్డారు.

కథ సుఖాంతమే. కానీ నెల రోజులు ఎందుకు పట్టింది? ఇలాంటి కేసుల్లో అసలు ప్రశ్న ఇదే.

అన్నం ముద్ద.. అరటిపండు.. పాత చిట్కాతో కొత్త ముప్పు

గొంతులో చేప ముల్లు గుచ్చుకుంటే మన ఇళ్లల్లో ముందు వినిపించే మాట ‘అన్నం ముద్ద మింగెయ్, పోతుంది’. లేదంటే అరటిపండు. చిన్న ముల్లు అయితే ఒక్కోసారి జారిపోతుంది కూడా. అందుకే ఆ చిట్కా మీద నమ్మకం పోలేదు. కానీ గట్టి ఎముక, పిన్నీసు, కట్టుడు పళ్ల సెట్టు లాంటివి ఇరుక్కుంటే ఆ ముద్ద వాటిని ఇంకా లోతుకు నెడుతుంది. తర్వాత ఎండోస్కోపీ చేసేటప్పుడు ఆ అన్నమే కెమెరాకు అడ్డం పడుతుంది. వాంతి చేయించడమూ తప్పే. దిగేటప్పుడు గుచ్చుకోని వస్తువు పైకి వచ్చేటప్పుడు గుచ్చుకోవచ్చు, ఊపిరి దారిలోకీ వెళ్లొచ్చు.

నొప్పి తగ్గిందని ఊరుకోవడం ఇంకో పొరపాటు. ఎముక పోయినా గీత పడినచోట కాసేపు మంట ఉంటుంది. ఎముక ఉండిపోయినా కొన్నాళ్లకు నొప్పి అలవాటైపోతుంది. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ‘మాంసం తిన్నాకే మొదలైంది’ అన్న ఒక్క మాట డాక్టర్‌కు చెప్పకపోతే ఛాతీ నొప్పి గ్యాస్ ఖాతాలోకి వెళ్లిపోతుంది.

మింగినవన్నీ ఒకటి కాదు

అందరూ భయపడిపోవాల్సిన పని లేదు. ఇలా మింగిన వస్తువుల్లో 80 నుంచి 90 శాతం వాటంతట అవే మలంలో బయటికి వచ్చేస్తాయి. 10 నుంచి 20 శాతం కేసుల్లో ఎండోస్కోపీ కావాలి. ఆపరేషన్ దాకా వెళ్లేవి ఒక శాతం లోపే. మరి ఏది ఏ లెక్కలోకి వస్తుంది? మూడు విషయాలు తేలాలి. మింగింది ఏంటి? ఇప్పుడు ఎక్కడుంది? మింగి ఎంతసేపైంది?

నాణెం పొట్టలోకి దిగిపోతే చాలాసార్లు డాక్టర్లు వెయిట్ చేద్దామనే అంటారు. అదే నాణెం అన్నవాహికలో ఆగిపోతే 24 గంటల్లోపు తీసేయాలి. వెడల్పు 2.5 సెంటీమీటర్లు దాటినా, పొడవు 6 సెంటీమీటర్లు దాటినా పొట్ట నుంచి పేగుల్లోకి దిగడం కష్టం. పిన్నీసు, సూది, పదునైన ఎముక లాంటివి పేగుకు చిల్లు పెట్టే ప్రమాదం ఉంది కాబట్టి అందుబాటులో ఉండగానే లాగేస్తారు. ఉమ్మి కూడా మింగలేక నోటి నుంచి కారిపోతుంటే దారి పూర్తిగా మూసుకుపోయినట్టే. అప్పుడు గంటల్లోనే తీయాలి.

రెండు అయస్కాంతాలు మింగితే ఇంకో రకం ముప్పు. ఒకటి ఒక పేగు మడతలో, రెండోది పక్క మడతలో ఉండి ఒకదాన్నొకటి లాక్కుంటాయి. మధ్యలో పేగు గోడ నలిగి చిల్లు పడుతుంది. మెరిసే చిన్న అయస్కాంత గోలీల ఆటబొమ్మలతో వచ్చే ప్రమాదం ఇదే.

రూపాయి బిళ్లా? బటన్ సెల్లా?

అన్నిటికంటే తక్కువ టైమ్ ఇచ్చేది బటన్ బ్యాటరీ. రిమోట్లు, బరువు తూచే మెషిన్లు, కారు తాళాలు, దీపావళికి పెట్టే ఎల్‌ఈడీ దీపాల్లో ఎక్కువగా కనిపించే సీఆర్ 2032 సెల్ వెడల్పు 20 మిల్లీమీటర్లు. 2019లో వచ్చిన కొత్త రూపాయి బిళ్ల వెడల్పు కూడా సరిగ్గా 20 మిల్లీమీటర్లే! ‘బాబు రూపాయి మింగాడు’ అని అమ్మ చెప్పే మాటలో ఎంత రిస్క్ ఉందో ఇక్కడే అర్థమవుతుంది.

ఈ సెల్ అన్నవాహికలో ఇరుక్కుంటే పగిలి కారాల్సిన పని కూడా లేదు. తడి తగలగానే కరెంటు పారుతుంది. దాంతో కాస్టిక్ సోడా లాంటి క్షారం అక్కడికక్కడే పుట్టి కండను కాల్చేస్తుంది. రెండు గంటల్లోనే తీవ్రమైన గాయం కావొచ్చు. ఎక్స్‌రేలో నాణెం ఒకే గుండ్రంగా కనిపిస్తే, బ్యాటరీ అంచున రెండు వలయాలు కనిపిస్తాయి. అందుకే లక్షణాలు లేకపోయినా వెంటనే ఎక్స్‌రే తీయాలి.

అమెరికా విష సమాచార కేంద్రం మార్గదర్శకాల్లో తేనె ప్రస్తావన ఉంది. ఏడాది దాటిన పిల్లలు బటన్ సెల్ మింగి 12 గంటలు దాటకపోతే, ఇంట్లో తేనె ఉంటే 10 నిమిషాలకోసారి రెండు టీ స్పూన్ల చొప్పున, ఆరు సార్ల వరకు ఇవ్వొచ్చని చెబుతుంది. అయితే తేనె విరుగుడు కాదు. కాలే వేగాన్ని కాస్త తగ్గిస్తుందంతే. ఆస్పత్రికి వెళ్తూ ఇవ్వాలి తప్ప, తేనె కోసం ఆగకూడదు. ఏడాది లోపు పసిపిల్లలకు తేనె అసలు పెట్టకూడదు.

ఊపిరాడకపోతే లెక్క నిమిషాల్లోనే

2022 నవంబర్‌లో వరంగల్‌లో చాక్లెట్ గొంతుకు అడ్డుపడి ఎనిమిదేళ్ల బాలుడు చనిపోయాడు. అది శ్వాస దారికి సంబంధించిన ప్రమాదం. దగ్గలేక, మాట రాక, పెదాలు నీలంగా మారుతుంటే ఆస్పత్రి దాకా ఆగే టైమ్ ఉండదు. ఏడాది దాటిన పిల్లలు, పెద్దలకు వీపు మీద భుజాల మధ్య ఐదు సార్లు గట్టిగా చరచాలి. తర్వాత వెనక నుంచి పట్టుకుని బొడ్డు పైభాగంలో లోపలికి, పైకి ఐదు సార్లు నొక్కాలి. వస్తువు బయటికొచ్చేదాకా ఇలా మార్చి మార్చి చేయాలి. పసిపిల్లలకైతే వీపు మీద చరచడం, ఛాతీ మీద నొక్కడమే. పొట్ట నొక్కకూడదు. ఈలోగా ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. వస్తువు కనిపించకుండా నోట్లో వేలు పెట్టి కెలకొద్దు.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్‌లో ఎటు వెళ్లాలి?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్బీనగర్ దాకా రోడ్డుకు రెండు వైపులా ఆస్పత్రుల బోర్డులకు కొదవ లేదు. అయితే బోర్డు మీద 24 గంటలు అని రాసి ఉన్నంత మాత్రాన అర్ధరాత్రి ఎండోస్కోపీ చేసే డాక్టర్ ఉంటారని కాదు. పిల్లలకైతే మత్తు డాక్టర్ కూడా ఉండాలి. మొదటి ఆస్పత్రిలో ఎక్స్‌రే, రెండో చోట రిఫరల్, మూడో చోట ఎండోస్కోపీ అంటే బ్యాటరీ ఇచ్చే రెండు గంటలు దారిలోనే అయిపోతాయి. బయల్దేరే ముందు ఒక ఫోన్ కాల్ చేసి ‘ఇప్పుడు ఎండోస్కోపీ ఉందా, పిల్లలకు చేస్తారా’ అని అడగడం అందుకే ముఖ్యం.

ప్రభుత్వ వైద్యం కావాలనుకునే కుటుంబానికి ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. పిల్లల పెద్దాస్పత్రి నిలోఫర్ ఉన్నది రెడ్‌హిల్స్‌లో. ఎల్బీనగర్ నుంచి మలక్‌పేట, కోఠి ట్రాఫిక్ దాటుకుని వెళ్లాలి. గడ్డిఅన్నారం పాత పండ్ల మార్కెట్ స్థలంలో టిమ్స్ ఆస్పత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. తూర్పు హైదరాబాద్‌కు అలాంటి పెద్దాస్పత్రి వల్ల అసలు మేలు జరగాలంటే పడకల సంఖ్య ఒక్కటే చాలదు. రాత్రి పూట కూడా పనిచేసే ఎమర్జెన్సీ ఎండోస్కోపీ, పిల్లలకు మత్తు ఇచ్చే టీమ్ ఉండాలి.

చట్టంలో ఓ ఖాళీ

మన దేశంలో 2021 జనవరి 1 నుంచి ఆటబొమ్మలకు ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. కానీ ఈ రూల్ ఆటబొమ్మలకే. ఇంట్లోని రిమోట్‌కు, ఎల్‌ఈడీ దీపానికి వర్తించదు. అమెరికాలో బటన్ సెల్ మింగి ఏడాదిన్నర పాప చనిపోయాక 2022లో ‘రీస్ చట్టం’ తెచ్చారు. పిల్లలు సులువుగా తెరవలేని బ్యాటరీ మూత, హెచ్చరిక లేబుల్ అక్కడ తప్పనిసరి చేశారు. ఆటబొమ్మ కాని వస్తువులకూ అలాంటి మూత పెట్టాలన్న నిబంధన ఇక్కడా అవసరమే.

అప్పటిదాకా ఇంట్లో చేయగలిగినవి ఇవి:

• రిమోట్ మూత వదులైతే టేప్ వేయండి. వాడేసిన సెల్స్‌ను టేప్ చుట్టి, పిల్లలకు అందకుండా పారేయండి.
• చీర కట్టుకునేటప్పుడు పిన్నీసులు పళ్ల మధ్య పెట్టుకోవద్దు.
• పళ్లు లేని పెద్దవాళ్లకు ఎముక తీసేసిన మాంసమే వడ్డించండి. కట్టుడు పళ్లు వదులైతే సరిచేయించండి.
• మింగిన వస్తువు లాంటిదే ఇంకోటి ఉంటే ఆస్పత్రికి వెంట తీసుకెళ్లండి.
• ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోయినా నొప్పి తగ్గకపోతే వదిలేయొద్దు. ప్లాస్టిక్, చెక్క, చాలా చేప ముళ్లు ఎక్స్‌రేకు దొరకవు. సీటీ స్కాన్ లేదా ఎండోస్కోపీ అవసరమా అని డాక్టర్‌ను అడగండి.