పరీక్ష తప్పింది ఎవరు?

ఐదో తరగతిలో, ఎనిమిదో తరగతిలో పిల్లల్ని ఫెయిల్ చెయ్యాలా వద్దా అన్నది ఇప్పుడు రాష్ట్రాల ఇష్టం. 2010లో విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చినప్పుడు ఎనిమిది దాకా ఎవర్నీ ఆపకూడదన్నారు. 2019లో చట్టాన్ని సవరించి ఆ నిర్ణయం రాష్ట్రాలకు వదిలేశారు. 2024 డిసెంబరులో కేంద్రం తన కింద ఉన్న కేంద్రీయ విద్యాలయాలకూ నవోదయలకూ నిబంధనలు మార్చింది. తప్పినవాళ్లకు విడిగా పాఠాలు చెప్పి రెండు నెలల్లో మళ్లీ పరీక్ష పెట్టాలి, అప్పుడూ గట్టెక్కకపోతే అదే తరగతి. బడి నుంచి మాత్రం పంపెయ్యకూడదు.

రాష్ట్రాలకు అధికారం రావడం మంచిదే. మాచర్ల, గురజాల వైపు మిరపకాయ కోతలు ఎప్పుడు ముమ్మరమవుతాయో ఢిల్లీ వాళ్లకేం తెలుసు? సరిగ్గా పెద్ద పరీక్షల ముందు. తల్లి కూలికి పోతే చంటివాణ్ణి చూసుకునేది ఆడపిల్లే. (అన్నయ్య మాత్రం బడికే వెళతాడు, అదేం చిత్రమో!) అలాంటి పిల్లని ఒక్క ఏడాది ఆపి చూడండి. "చదివింది చాల్లే" అనడానికి ఇంట్లో సాకు దొరుకుతుంది. ఆపైన పెళ్లి మాట ఎంత దూరం?

అలాగని ఏమీ రాకపోయినా పైతరగతిలోకి తోసెయ్యమని కాదు నేననేది. కూడికలు రాని పిల్ల ఎనిమిదిలో కూర్చుని ఏం చేస్తుంది? అన్నేళ్లూ ఎవరూ ఎందుకు చూడలేదన్నదే నా బాధ. మార్కుల కాగితం పిల్లనొక్కదాన్నే నిలదీస్తుంది. బడిని ఎవరు నిలదీస్తారు?

మనమే. సర్కారు బడి కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండాలనీ, మొత్తంలో సగంమంది ఆడవాళ్లుండాలనీ అదే చట్టం చెప్పింది. ఉమ్మడి రాష్ట్రంలోనైతే 1998లోనే బడి కమిటీల చట్టం వచ్చింది. కానీ మా నరసరావుపేటలో కమిటీ సభ్యురాలైన ఓ అమ్మని కదిపితే "సంతకం అడిగితే పెట్టానండీ" అంది. అన్నం గురించీ మరుగుదొడ్ల గురించీ అడగడం నేర్చుకున్నాం. "మా పిల్లకి చదవడం వచ్చిందా?" అనడానికే మొహమాటం, మనకే రాదు కదా అని. పొయ్యి దగ్గర కూర్చోబెట్టుకుని పైకి చదవమంటే చాలదూ? తడబాటు చెవికే తెలుస్తుంది.

2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ఒకేరోజు తల్లిదండ్రుల సమావేశాలు పెట్టారు. సంతోషం. కానీ సంక్రాంతి నాటికే, కోతలు ముమ్మరం కాకముందే, ఎవరు ఎందులో వెనకబడ్డారో, వాళ్లకోసం ఏం చేశారో బడివాళ్లు కమిటీ అమ్మలకు చెప్పాలని కూడా రాష్ట్రం రూలు పెట్టాలి. అది చెయ్యని బడికి పిల్లని ఆపే హక్కు ఇవ్వకూడదు.