జీతానికి పేరు మారిస్తే ట్రైనింగ్, దేవుడికి మారిస్తే మోసం

మా చీమకుర్తి రాయికి రెండు పేర్లు. క్వారీలో దిగి చేతులు పగలగొట్టుకునే కూలీకి అది నల్లరాయి. ఓడ ఎక్కాక ‘బ్లాక్ గెలాక్సీ’. ఏ దేశం రేవులోనూ ఆ రాయిని ఆపి, ‘నీ అసలు పేరేంటి, పుట్టుక రుజువు చెయ్యి’ అని ఎవడూ అడగలేదు. సరుక్కి పేరు మారితే దాన్ని వ్యాపారం అంటారు.

మనుషుల పేర్లు కూడా అలాగే మారే చోటు ఒకటుంది. కాల్ సెంటర్. ఈ భాగంలో దాని గురించే మాట్లాడుకుందాం.

2000 తర్వాత హైదరాబాదు, బెంగళూరు, గుర్గావుల్లో అమెరికా కంపెనీల ఔట్‌సోర్సింగ్ ఆఫీసులు లేచాయి. కస్టమర్ అక్కడ, ఫోనెత్తేవాడు ఇక్కడ. వాళ్ళకి పగలు, మనకి రాత్రి. మన పేర్లు వాళ్ళకి నోరు తిరగవు. పైగా ఉద్యోగాలు ఇండియాకి పోతున్నాయని కోపం. అందుకని ట్రైనింగ్‌లోనే పిల్లలకి కొత్త పేరు తగిలించారు. చేతన్ భగత్ 2005లో రాసిన కాల్ సెంటర్ నవలలో శ్యామ్ సామ్ అవుతాడు, రాధిక రెజీనా అవుతుంది. అదే ఏడాది సోనాలి గులాటి తీసిన డాక్యుమెంటరీ పేరే ‘పగలు నళిని, రాత్రి నాన్సీ’ అని. పేరుతో ఆగలేదు, యాస కూడా కడిగారు. 2025 వచ్చేసరికి టెలిపెర్ఫార్మెన్స్ అనే పెద్ద కంపెనీ, మన పిల్లలు మాట్లాడుతుండగానే వాళ్ళ యాసని మార్చేసే సాఫ్ట్‌వేర్ పెట్టింది.

ఇందులో ఎవరి కొంపా మునగలేదు. రాత్రంతా ‘దిస్ ఈజ్ పీటర్’ అన్న అబ్బాయి పొద్దున క్యాబ్ దిగి ఇంటికొచ్చి పూజలో కూర్చున్నాడు. జంధ్యం తెగలేదు. పొలం పోలేదు. పెళ్లి సంబంధం తప్పిపోలేదు. పీటర్ ఆఫీసులోనే ఉండిపోయాడు, జీతం మాత్రం ఇంటికొచ్చింది.

ఇప్పుడు ఒంగోలు సంగతి చూద్దాం. ఈ నేల మీదికి అమెరికా పేర్లు కాల్ సెంటర్లతో రాలేదు. 1866లో జాన్ క్లౌ అనే బాప్టిస్టు మిషనరీ ఒంగోలు వచ్చాడు. మా మాదిగపల్లెల్లో తిరిగాడు. 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు. ఆయన బకింగ్‌హామ్ కాలువలో కొంత తవ్వకం కాంట్రాక్టు తీసుకుని మావాళ్ళకి కూలీ ఇప్పించాడు. కరువు పనులు నడిచినన్నాళ్ళూ బాప్తిస్మం ఇవ్వనన్నాడు. కూడు కోసం వచ్చారనే మాట పడకూడదని. పనులు ముగిశాక, 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. అంతకుముందు ఊరు వాళ్ళని కులం పేరు పెట్టి, ‘ఒరే’ పెట్టి పిలిచేది. నదిలోంచి లేచినవాళ్ళు తమ పిల్లలకి తమకి నచ్చిన పేర్లు పెట్టుకున్నారు.

అయినా మమ్మల్ని ఇప్పటికీ కూటి కోసం మతం మారినోళ్ళనే అంటారు. మరి జీతం కోసం పీటర్ అయినవాణ్ణి ఎవరైనా ‘జీతం క్రైస్తవుడు’ అన్నారా?

మా విద్యార్థిని ఒకమ్మాయి, బీకాం. నాన్న క్వారీ కూలీ, అమ్మ మిరప కోతలకి పోతుంది. ఆ పిల్లకి చర్చిలో ఒక పేరు, టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంకో పేరు. బళ్ళో వేసిన రోజే తండ్రి చర్చి పేరు దాచి, మతం అన్నచోట హిందూ అని రాయించాడు. హాస్టలు సీటు, స్కాలర్‌షిప్పు, ఫీజు అన్నీ ఆ ఒక్క మాట మీద నిలబడ్డాయి. డిగ్రీ అయ్యాక హైదరాబాదులో ఒక కాల్ సెంటర్‌లో చేరింది. ట్రైనింగ్‌లో పేర్ల జాబితా ఇచ్చి ‘నీకు నచ్చింది తీసుకో’ అన్నారట. అందులో వాళ్ళ నాయనమ్మ పెట్టిన చర్చి పేరు ఉంది.

“తీసుకోలేదు సార్. అది ఐడీ కార్డు మీద పడి, ఎవరన్నా ఫొటో తీసి మనూళ్ళో చూపిస్తే?” అంది నాతో ఫోన్లో.

బైబిలు వాసన తగలని పేరొకటి ఏరుకుంది. ఆ పేరేమో పక్క సీటమ్మాయి తీసుకుంది. ఆమె ఇంటిపేరు చెప్తే కులం వేరే చెప్పక్కర్లేదు. సొంత పేరు పెట్టుకోడానికి సొంతదారుకి భయం, అరువు తెచ్చుకున్నామెకి బోనస్. మా పిల్ల పేరు మాత్రం ఇక్కడ కూడా రాయను. ఎందుకో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

ఆ భయం వెనక చట్టం ఉంది. 1950 షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో మూడో పేరా. హిందువైతేనే ఎస్సీ అంది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు. క్రైస్తవుల్ని, ముస్లింల్ని బయటే నిలబెట్టారు. మన రాష్ట్రంలో క్రైస్తవం తీసుకున్న ఎస్సీ బీసీ–సి అవుతాడు, ఒక్క శాతం రిజర్వేషన్. 2024 నవంబరు 26న, సరిగ్గా రాజ్యాంగ దినం నాడు, పుదుచ్చేరిలో గుమస్తా ఉద్యోగం కోసం ఎస్సీ సర్టిఫికెట్ అడిగిన ఒక మహిళ కేసులో సుప్రీంకోర్టు, నమ్మకం లేకుండా రిజర్వేషన్ కోసం హిందువునంటే అది రాజ్యాంగాన్ని మోసం చేయడమే అంది. సరే. నమ్మకం లేకుండా జీతం కోసం పీటర్ అయితే? దానికి పేరు ‘కస్టమర్ ఎక్స్‌పీరియన్స్’. గుమస్తా ఉద్యోగానికి మోసం అయినది కాల్ సెంటర్ ఉద్యోగానికి నైపుణ్యం అయింది.

‘అదీ ఇదీ ఒకటేనా, అది వేషం, ఇది విశ్వాసం’ అంటారు కొందరు. నేనూ అదే అంటున్నా. వేషానికి జీతమిచ్చి విశ్వాసానికి శిక్ష వేస్తున్నారు.

‘క్రైస్తవంలో కులం లేదుగా, ఇంకా ఎస్సీ ఎందుకు?’ అనేవాళ్ళు ఉన్నారు. కారంచేడు ఇక్కడికి ఎంతో దూరం లేదు. 1985 జులై 17న చంపబడ్డ మాదిగల పేర్లు చదవండి, బైబిలు పేర్లు కనిపిస్తాయి. గొడ్డలి ఎత్తినవాడు మతం అడగలేదు. కారంచేడు లాంటి నెత్తురు మడుగుల్లోంచే 1989 అట్రాసిటీ చట్టం పుట్టింది. 2025లో మన హైకోర్టు, క్రైస్తవం తీసుకున్నవాడికి ఆ చట్టం వర్తించదని ఒక పాస్టరు పెట్టిన కేసు కొట్టేసింది. దెబ్బ తినడానికి కులం ఉంది, కేసు పెట్టడానికి లేదు.

నేను క్లాసులో జాషువా పాఠం చెప్తాను. ‘గబ్బిలం’ 1941 నాటిది. కవి పేరు హీబ్రూ పేరు. తెలుగు పాఠ్యపుస్తకం ఆ పేరుని గర్వంగా మోస్తుంది. అదే పేరుతో, అదే విశ్వాసంతో ఒక మాదిగ పిల్లాడు తహసీల్దారు ఆఫీసుకి వెళ్తే దరఖాస్తు వెనక్కొస్తుంది.

ప్రైవేటులో చేరాక ఈ గొడవ ఎందుకంటారా? 2007లో థోరాట్, అటెవెల్ పరిశోధన వచ్చింది. ప్రైవేటు ఉద్యోగాలకి ఒకే అర్హతలతో దరఖాస్తులు పంపారు, పేర్లు మాత్రం వేరు. అగ్రకుల పేరుతో పోలిస్తే దళిత పేరుకి పిలుపు వచ్చే అవకాశం సుమారు మూడింట రెండొంతులే. అమెరికావాడికి వినిపించే పేరుని కంపెనీ మారుస్తుంది. ఆ కంపెనీ గేటు దగ్గర చూసే పేరుని ఎవడు మారుస్తాడు?

కమిటీలు అయిపోయాయి. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే మూడో పేరా తీసెయ్యమంది. 2022లో బాలకృష్ణన్ కమిషన్ అని ఇంకోటి వేశారు. 2023 మార్చిలో మన అసెంబ్లీ తీర్మానం కూడా చేసింది. కాగితాలు ఢిల్లీలో ఉన్నాయి, పిల్లలు రాత్రి షిఫ్టుల్లో ఉన్నారు.

కాబట్టి విద్యార్థి సంఘాలకి నా మాట. వర్గీకరణ మీద ఎంత కొట్లాడుకున్నా సరే, మాలా మాదిగా కలిసి అడగాల్సినవి రెండున్నాయి. ఒకటి, మూడో పేరా రద్దు. రెండు, ప్రైవేటులో, ఔట్‌సోర్సింగ్‌లో రిజర్వేషన్. మొదటిది లేకుండా రెండోది వచ్చినా, మా పిల్లలు మళ్ళీ పేరు దాచుకునే లోపలికి పోవాలి. రెండోది లేకుండా మొదటిది వస్తే, పేరు మిగుల్తుంది, పని మిగలదు.

మా పేర్లు మాకు ఏ ట్రైనరూ ఇచ్చినవి కావు. గుండ్లకమ్మలో మునిగి తెచ్చుకున్నవి. పగలూ రాత్రీ అవే పేర్లతో బతికే హక్కు కావాలి.

జై భీమ్.