ఘంటసాలవారి గీతయు, మన భయమును



కార్తికమాసములో నేను నంద్యాలలో మా అక్కగారి యింట పదిదినము లుంటిని. ఒకనాడు తెల్లవారగనే, వాకిట ముగ్గు ముగియకముందే, లోపలినుండి ఘంటసాలవారి భగవద్గీత వినవచ్చెను. అక్కగారి అత్తగారు, ఎనుబదియేండ్ల పెద్దమ్మ, మనుమనిచేత సెల్‌ఫోనులో పెట్టించుకొని వినుచుండెను. రెండు శ్లోకములైన కాలేదు, ఎదురింటి యిల్లాలు తడిచేతులతోనే పరుగెత్తి వచ్చి, "ఏమైనదమ్మా? అవ్వ బాగున్నదా?" అని యడిగెను. పెద్దమ్మగారే గడపలోనికి వచ్చి, "నేనింకను పోలేదు తల్లీ, పాట వినుచున్నాను" అనిరి. అందరము నవ్వితిమి. అక్కగారి కోడలు మాత్రము నవ్వలేదు. గబగబ లోనికి బోయి పాట నాపివైచెను.

"ఈ యింట నా పాట నాకు లేదా?" అని పెద్దమ్మగారు కంట నీరు పెట్టుకొనిరి. రెండుదినములు ఆ యవ్వకును ఆ పిల్లకును మాటలు లేవు. ఏకాంతమున నడుగగా ఆమె నాతో చెప్పినది: "అత్తా, రెండేండ్ల క్రిందట మా నాయన పోయినప్పుడు రాత్రంతయు మైకులో ఈ పాటయే పెట్టిరి. అది వినబడిన చాలును, నా చేతులు కాళ్ళు చల్లబడును." ఇక నేనేమి చెప్పగలను? మన యూళ్ళలో వైకుంఠరథము వచ్చినను, చావింట మైకు కట్టినను ఆ కంఠమే గదా!

ఇంతకు నా రికార్డు ఎట్టిది? ఘంటసాల వేంకటేశ్వరరావుగారు 1922 డిసెంబరు 4న కృష్ణామండలమున చౌటపల్లిలో జన్మించిరి. చిన్ననాడే తండ్రిని గోల్పోయి, విజయనగరమున మధుకరముతో కడుపు నింపుకొనుచు, పట్రాయని సీతారామశాస్త్రిగారికడ సంగీతము నేర్చిరి. 1942లో దేశముకొరకు చెరసాలకు బోయిరి. పిమ్మట దాదాపు ముప్పదియేండ్లు సినిమాలలో పాడి తెలుగువారి నలరించిరి. ఆ గురువుగారి కుమారులైన సంగీతరావుగారే చాలయేండ్లు హార్మోనియముతో ఆయనకు తోడుగా నిలిచిరి. 1972లో హైదరాబాదు రవీంద్రభారతిలో కచేరి చేయుచుండగా గుండెనొప్పి వచ్చెను. మధుమేహము వేరొక బాధ. దేహ మట్లు చెడిన తుదిదినములలో స్టూడియోలో పాడినది ఈ గీత. ఏడువందల శ్లోకములలో నూటికి కొంచెము మించి యేరి, ఒక్కొక్కదానికి రాగము కట్టి, పాడిన వెంటనే తేటతెలుగున భావము చెప్పిరి. సంస్కృతము రాని మనవంటివారికి గీత వంటింటిదాక వచ్చుట కిదియే కారణము. 1974 ఫిబ్రవరి 11న, ఏబదియొక్క యేండ్లకే, ఆయన చెన్నపట్టణమున పరమపదించిరి. ఆ పాట ఇంటింటికిని చేరునప్పటికి పాడినవారు లేరు.

నాలుగవనాడు కోడలిని పుట్టినింటికి దీసికొనిపోవ నేనును ఆళ్ళగడ్డకు వెంట బోతిని. నంద్యాలకు దాదాపు నలుబది కిలోమీటర్లు. అక్కగారి చిన్నకుమారుడు కారు నడపుచు ఏదో ఇంగ్లీషు పాట మ్రోగించెను. "ఇదేమిరా, ఈ రణగొణధ్వని?" అంటిని. వాడు చెప్పినదిది: రోలింగ్ స్టోన్స్ అనునది 1962లో లండనులో పుట్టిన రాక్ సంగీతపు జట్టు. పదునెనిమిదియేండ్లు తమ సొంతపాటలతో ఆల్బము తేకుండి, 2023 అక్టోబరులో 'హాక్నీ డైమండ్స్' అను ఆల్బము తెచ్చిరి. పాడినవారిలో పెద్దవాడు మిక్ జాగర్ వయస్సు అప్పటికి ఎనుబది. గిటారు వాయించు కీత్ రిచర్డ్సుకు వ్రేళ్ళ కీళ్ళనొప్పులు. దాదాపు అరువదియేండ్లు వారితో డ్రమ్ములు వాయించిన చార్లీ వాట్సు 2021లోనే పోయినాడు. ఐనను అతడు మునుపు వాయించియుంచిన వాద్యము ఈ ఆల్బములో రెండు పాటలయందు వినబడును.

"పోయినవాని వాద్యమని వారు భయపడరా?" అని కోడలడిగెను. "ఏల భయము వదినా? విందులలో పెట్టుకొని యాడుదురు" అని వాడనెను. ఆ పిల్ల మరల మాటాడలేదు.

ఆళ్ళగడ్డలో శిల్పుల కొట్టములముందు కారాగెను. ఒకచోట సగము తేలిన వినాయకుడు. ప్రక్కనే ఎవరిదో సమాధిపై నిలుపవలసిన ఫలక. రెండును ఒక తీరు రాయియే. రాతి కేదియు శుభము గాదు, అశుభము గాదు. మనమెక్కడ నిలిపితిమో అదియే దాని పేరు.

వియ్యపురాలింట వాకిలి తీయగనే మాకు వినబడినది గీతయే. కోడలు గుమ్మముకడనే నిలిచిపోయెను. తల్లి కొర్రలు చెరుగుచు, "ఏమమ్మా, అట్లు నిలిచితివి? మీ నాయన పోయినరాత్రి నన్ను కూర్చుండబెట్టి యుంచినది ఈ గొంతే. నాటినుండి దినమును వినియే పొయ్యి ముట్టింతును" అనెను. రెండేండ్లలో కూతురడుగలేదు, తల్లి చెప్పలేదు. తల్లికి బలమైనది కూతురికి భయమైనది, ఒక్కరాత్రియే, ఒక్కపాటయే.

నాకప్పుడు తోచినది మీకు మనవి చేయుచున్నాను. గీత శవమునకు చెప్పబడినది కాదు. విల్లు జారవిడిచి రథములో కూలబడిన ఒక బ్రతికిన మనుష్యునికి, లేచి నీ పని చేయుమని చెప్పబడినది. దుఃఖమున్న యింట అది వినుట తప్పు గాదు. అక్కడ మాత్రమే వినుట తప్పు. సంవత్సరమున మూడువందల యరువది దినములు దాని నోరు నొక్కి, చావునాడు మాత్రము మైకు కట్టినచో పసిపిల్లల కది మృత్యువు కేకగాక మరేమి? గృహప్రవేశమునాడు, పరీక్షకు బోవు బిడ్డ తల దువ్వునప్పుడు, పప్పు రుబ్బునప్పుడు పెట్టుకొనుడు. చావింట పెట్టవలసివచ్చినచో కూర్చున్నవారికి వినబడునంత చాలును. వీధి యంతయు వణకనక్కరలేదు. ఇక, విని బెదరు పిల్లల నెగతాళి చేయకుడు. ఏ రాత్రి ఆ భయము పుట్టెనో అడుగుడు.

మేము నంద్యాలకు మరలివచ్చిన మరునాడు తెల్లవారుజామున కోడలు పెద్దమ్మగారి మంచముకడకు బోయి, "అవ్వా, చిన్నగా పెట్టుకో. నేను పెరటిలో నుందును" అనెను. పెరటిలో అంట్లు తోముచున్న ఆ పిల్ల చేతులు మొదట వణకుచునే యుండెను. పాట ఆగలేదు; ఆమెయు లేచిపోలేదు.