నొప్పి తగ్గాక

కాలికి కట్టు కనిపిస్తే బస్సులో ఎవరో ఒకరు లేచి సీటిస్తారు. తుంటి ముందు కండరం దెబ్బతిన్న మనిషికి ఆ భాగ్యం ఉండదు. పైకి గాయం కనిపించదు, ఎక్స్‌రేలో సాధారణంగా ఏమీ దొరకదు. మెట్టెక్కబోతే మాత్రం గజ్జలో చురుక్కుమంటుంది. ఆటో ఎక్కాలంటే తొడను చేత్తో ఎత్తి లోపల పెట్టుకోవాలి.

తొడను పొట్టవైపు లేపే కండరాల్లో ముఖ్యమైనది సోయాస్. నడుం వెన్నుపూసల దగ్గర మొదలై, కటి ఎముక నుంచి వచ్చే ఇలియాకస్‌తో కలిసి తొడ ఎముక పైభాగాన అతుక్కుంటుంది. అలిపిరి దారిలోని 3,550 మెట్లెక్కే భక్తుడి తొడను ప్రతి మెట్టుకూ లేపేది ఈ జంటే. రోజంతా కుర్చీలో ముడుచుకుని ఉండే ఈ కండరాన్ని ఆదివారం గ్రౌండ్‌లో వార్మప్ లేకుండా పరుగు పెట్టిస్తే, పీచులు తెగవచ్చు. కూతకెళ్లి చటుక్కున వెనుదిరిగే కబడ్డీ ఆటగాడికీ ఈ ముప్పుంది.

కొద్ది పీచులే తెగితే కొన్ని వారాల్లో, ఎక్కువ తెగితే నెలల్లో కోలుకుంటారు. మొదటి రోజుల్లో విశ్రాంతి అవసరమే. అలాగని మంచానికి అతుక్కుపోతే చేటే. దెబ్బకు విశ్రాంతి, ఐసు, బిగుతు కట్టు, ఎత్తులో ఉంచడం అనే సూత్రాన్ని 1978లో ప్రచారంలోకి తెచ్చిన అమెరికా వైద్యుడు గేబ్ మిర్కిన్, ఐసూ పూర్తి విశ్రాంతీ గాయం మానడాన్ని ఆలస్యం చేయవచ్చని తర్వాత తానే చెప్పారు. అందుకే ఫిజియోథెరపిస్టులు ముందు నొప్పి రానంత మేరకు కదిలిస్తారు. ఆపైన సాగదీత, బలం పెంచే వ్యాయామాలు; పరుగు అన్నిటికన్నా చివర.

అసలు చిక్కు నొప్పి పోయాకే. శ్లాబు గట్టిపడినట్టు కనిపించినా మేస్త్రీ వెంటనే సెంట్రింగు విప్పడు. మన ఒంటి విషయంలో ఆ ఓపిక ఉండదు. నొప్పి ముందు పోతుంది, సత్తువ ఆలస్యంగా వస్తుంది. ఈ నడుమ తొందరపడితేనే గాయం తిరగబెడుతుంది.

తొందరపెట్టేది మనసొక్కటే కాదు, చుట్టూ ఉన్నవాళ్లు కూడా. 'నడుస్తోందిగా' అని డాబా మీద బట్టలారేసే పని మళ్లీ కోడలికే అప్పగిస్తారు. 'ఫైనల్ ఒక్కటీ ఆడేయ్' అని కుర్రాణ్ని దింపుతారు. 'ఇంకా తగ్గలేదా?' అని ఆఫీసులో వెటకారం. మనకు తెలిసింది రెండే లెక్కలు: మంచంలో ఉన్నవాళ్లు, పనిలో ఉన్నవాళ్లు. కోలుకుంటున్నవాళ్లకు చోటే లేదు.

ఆ చోటు చూపడానికి పెద్ద ఖర్చేమీ కాదు. కొన్నాళ్లు మెట్లు తప్పించే పని, సగం ఆట, మధ్యమధ్య లేచి నాలుగడుగులు వేసే వీలు ఉంటే చాలు. డాక్టరు 'ఫిట్' అని రాసే తేదీకి ముందు, 'మెల్లగా మొదలుపెట్టవచ్చు' అనే తేదీ కూడా ఒకటి ఉండాలి. దాన్ని ఇంట్లోవాళ్లూ, ఆఫీసూ, కోచ్‌లూ మన్నించాలి.