హంగర్ గేమ్స్ మళ్ళీ చదివినాం, తెలుగులో వాదులాడుకున్నాం

పిల్లలు ఇంగ్లీషు పుస్తకాలు పట్టుకుంటే మన ఇండ్లల్లో తెలుగు పోతాదని పెద్దోళ్ళకు దిగులు. హోసూరులో గానీ కృష్ణగిరిలో గానీ మనోళ్ళ పెండ్లికి పోతే ఈ మాట వినకుండా తిరిగి రాలేము. ఈ దిగులును నేను ఒప్పుకోను. పిల్లోళ్ళు ఏ భాషలో చదివినా, చదివినదాన్ని గురించి ఇంట్లో తెలుగులో మాట్లాడే సందు ఉంటే తెలుగు నిలబడతాది. ఆ సందునే మనం మూసేస్తా ఉండాము. 'అన్నం తిను, నీళ్ళు పోసుకో, తొందరగా పండుకో' అనేదానికి మాత్రమే తెలుగు మిగిలితే, పదైదేండ్లకు పిల్లలు దాన్ని దాటి వెళ్ళిపోతారు.

ఈ మాట ఎందుకు చెప్తున్నానంటే, సుజాన్ కాలిన్స్ రాసిన 'ది హంగర్ గేమ్స్' వరుసను మా ఇంట్లో మళ్ళీ మొదటి నుంచి చదివినాం. మొదటి పుస్తకం 2008లో, 'క్యాచింగ్ ఫైర్' 2009లో, 'మాకింగ్‌జే' 2010లో వచ్చినాయి. బెంగళూరుకు రోజూ బస్సులో పోయొచ్చే కాలంలో నేను చదివిన పుస్తకాలవి. వెనకటి కథలు చెప్పే పుస్తకాలు రెండు, 2020లో ఒకటి, 2025లో ఒకటి వచ్చినాయి. ఆ కడపటిది మా పాప చేతికి చిక్కింది. పద్నాలుగేండ్ల పిల్ల. అది చదివి, పాతవన్నీ నాచేత మళ్ళీ చదివించింది.

తెలియనివాళ్ళకు కథ రెండు ముక్కల్లో చెప్తా. పనెమ్ అనే దేశం. నడుమ కులుకుతా ఉండే రాజధాని, చుట్టూ దానికి మేపే పన్నెండు జిల్లాలు. ఒకప్పుడు జిల్లాలు తిరగబడినందుకు శిక్షగా, ఏటా ఒక్కో జిల్లా నుంచి పన్నెండు మొదలు పద్దెనిమిదేండ్ల లోపు ఒక పిల్లను, ఒక పిల్లోణ్ణి చీటీ తీసి పట్టకపోతారు. ఇరవైనాలుగు మందిలో ఒకరే మిగిలేదాకా చంపుకోవాల. దాన్ని దేశమంతా టీవీలో చూడాల. పన్నెండో జిల్లా బొగ్గు గనుల ఊరు. అక్కడ చెల్లెలు ప్రిమ్ పేరు చీటీలో వస్తే, అక్క కాట్నిస్ బదులు పోతాది.

వయసులో చదివినప్పుడు విల్లు, బాణం, ప్రేమ వీటి వెంట పరుగెత్తినాను. ఈసారి నన్ను నిలబెట్టింది గింజల లెక్క. పన్నెండేండ్లకు ఒక చీటీ, ఆపైన ఏడాదికొకటి పెరుగుతాది. ఇంట్లో తిండి లేనోళ్ళు తమ పేరు ఇంకోసారి రాయిస్తే, ఒక మనిషికి ఏడాదికి సరిపడా గింజలు, నూనె ఇస్తారు. ఆ చీట్లు మళ్ళీ తీసేయరు. కాట్నిస్ ముగ్గురి తిండికి ఐదేండ్లు రాయించింది. అందుకే పదహారేండ్లకు ఆమె పేరు ఇరవై సార్లు ఉండాది. ఊరి మేయరు కూతురిది ఐదే. చీటీ తీయడం అందరికీ ఒకటే, చీట్ల లెక్క మాత్రం ఒకటి కాదు.

ఇది నేను మా అవ్వకు చెప్పినా. రేషను అంగడి వరసలో నిలబడిన మనిషి. కొంచేపు ఊరకుండి, "అంటే కూటికి పేరు కుదవ పెట్టినట్లు కదా" అనింది. ఈ పుస్తకం మీద ఇంతకంటే సూటి మాట నేనింకా వినలేదు. పదకొండో జిల్లాలో తోటల్లో కోత కోసే పిల్ల, పండు తింటే కొరడా దెబ్బలు తప్పవని చెప్పే చోట కూడా అంతే. మన మామిడి తోటల్లో కాయ కోస్తా ఒకటి కొరకని కూలోళ్ళు ఎవరు? అవ్వకు విడమరిచి చెప్పే పనే పడలేదు.

తరవాత అవ్వ, ఇది బకాసురుడి కథే కదా అనింది. ఏకచక్రపురం, ఇంటికొకరు వంతు, బండెడు కూడు, దాంతో ఒక మనిషి. తన కథకు మూలాల్లో ఒకటి గ్రీకుల థీసియస్ కథ అని కాలిన్స్ చెప్పింది. అక్కడా రాక్షసుడికి పిల్లల్ని పంపే వంతే. మన హోసూరు పక్క తొరపల్లిలో 1878లో పుట్టిన రాజాజీ, మహాభారతాన్ని అందరికీ అందేలా తిరిగి చెప్పినప్పుడు ఈ బకాసురుడి కథనూ చెప్పినాడు.

అక్కడి నుంచి పాపకూ అవ్వకూ వాదం. కుంతికి భీముడు గెలుస్తాడని తెలుసు, కాట్నిస్‌కు ఏమీ తెలీదు, కాబట్టి కాట్నిసే గొప్ప అని పాప. కాట్నిస్ పోయింది సొంత చెల్లెలి కోసం, కుంతి పంపింది పరాయి ఇంటి బిడ్డను కాపాడను అని అవ్వ. పాపకు నడుమ మాటలు దొరకలేదు. 'వాలంటీర్' అంటే అవ్వ "బదులు పోయేది" అనింది. 'ప్రాపగాండా'ను నేను విడమరిచి చెప్తే, "దొంగ దండోరా" అనింది. ఏ నిఘంటువూ తెరవలేదు.

ఇక్కడ ఇంకో మాట చెప్పాల. 2006 చట్టంతో తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. 2006-07లో ఒకటో తరగతితో మొదలై, 2015-16కు పదో తరగతి దాకా వచ్చింది. హోసూరు పక్క తెలుగు బడులకు అది పెద్ద దెబ్బే. పాప కూడా "మనమే పన్నెండో జిల్లా" అనింది. నేను ఒప్పుకోలేదు. బడిలో మన భాషకు చోటు అడగడం న్యాయం. కానీ పక్కింటి తమిళోళ్ళను రాజధాని మనుషులుగా చూస్తే ఈ పుస్తకాన్ని మనం చదవనట్లే. మూడో పుస్తకం చివర గెలిచిన తిరుగుబాటు నాయకురాలు కాయిన్, ఇప్పుడు రాజధాని పిల్లలతో అదే ఆట ఆడిద్దామంటాది. కాట్నిస్ బాణం ఆమెకే తగులుతాది. దెబ్బ తిన్నోళ్ళ చేతిలోకి వచ్చినంత మాత్రాన కొరడా మంచిది కాదు.

ఇంకొకటి. కాట్నిస్‌కు నాయిన నేర్పిన ఉరిచెట్టు పాట ఒకటి ఉండాది. వాళ్ళమ్మ దాన్ని ఇంట్లో పాడొద్దనింది. 2020 పుస్తకంలో తెలుస్తాది, ఆ పాట కట్టింది పదో ఆటలో గెలిచిన లూసీ గ్రే అని. కాట్నిస్ ఆడింది డెబ్బైనాలుగో ఆట. అరవై ఏండ్లకు పైగా పాట నోటనే బతికింది, కట్టినామె పేరు మాత్రం పోయింది. మన అవ్వలు రాగులు విసరతా పాడిన పాటలకూ ఇదే గతి. అందుకే విన్నది రాసి పెట్టాలంటాను, చెప్పినోళ్ళ పేరుతో సహా.

కాబట్టి మన ఇండ్లకు నేను చెప్పేది ఇదే. పిల్ల చేతిలో పుస్తకం లాక్కోవద్దండి. హంగర్ గేమ్స్ అయినా, ఇంకోటైనా, మీరూ చదవండి. అన్నం కాడ కూర్చున్నప్పుడు, "ఆ పిల్ల చేసింది సరేనా?" అని తెలుగులో అడగండి. నడుమ ఇంగ్లీషు మాట, తమిళ మాట దొర్లితే దొర్లనీండి, తప్పు పట్టొద్దండి. ఇంట్లో అవ్వో తాతో ఉంటే వాళ్ళను ముందు కూర్చోబెట్టండి. మా ఇంట్లో కుంతి గొప్పా, కాట్నిస్ గొప్పా అనేది ఇంకా తెగలేదు. ఈ సంక్రాంతికి చుట్టాలొస్తే వాళ్ళనూ అడగాలని పాప కాచుకోని ఉండాది.